విడిది చీటీ

ఊరికి వచ్చిన పెద్దమనిషిని ఎవరింట్లో దింపాలన్నది చీటీ తీసి తేల్చిన ఊరు ఒకటుంది. ఇటలీ వాయవ్య మూలన, కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న రేవు పట్నం జెనోవా. ఒకప్పుడు అది గణతంత్రం. రాజు లేడు కాబట్టి రాజభవనమూ లేదు. కానీ రేవంటూ ఉన్నాక కార్డినల్సూ రాయబారులూ పొరుగుదేశాల రాకుమారులూ రాక మానరు కదా. వాళ్ళనెక్కడ ఉంచాలి? 1576లో అక్కడి సెనేట్ దీనికో పద్ధతి పెట్టింది. ఊళ్ళో పెద్ద ఇళ్ళన్నిటికీ జాబితా రాయించి, హంగునీ వైశాల్యాన్నీ బట్టి తరగతులు చేసింది. వచ్చే అతిథి ఎంతటివాడో చూసి, ఆ తరగతి చీటీల్లోంచి ఒకటి తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళింట్లో విడిది. ఇప్పుడు కుదరదు, ఇంట్లో ఆవిడకి ఒంట్లో బాగాలేదు అనడానికి వీల్లేదు. ఆ జాబితాలకి రొల్లి అని పేరు. 1664 దాకా మొత్తం ఐదుసార్లు రాశారు.

ఈ సంగతి తెలియగానే నాకు మా అమ్మమ్మగారి ఊళ్ళో పెళ్ళిళ్ళు కళ్ళ ముందు కదిలాయి. మగపెళ్ళివారు బస్సు దిగేసరికే ఎవరి విడిది ఎక్కడో తేలిపోయి ఉండేది. వియ్యంకుడూ వియ్యపురాలూ కరణంగారి డాబాలో, మేనత్తలు మాస్టారింట్లో, కుర్రకారంతా బడి వరండాలో. ఈ పంపకం పెళ్ళికూతురి బాబాయి ఒక్కడి చేతిలోనే ఉండేది. ఎవరిని ఎక్కడికి పంపితే ఎవరు అలుగుతారో ఆయనకి తెలియాలి. జెనోవా వాళ్ళు ఆ అలకల బెడద చీటీ మీదకి తోసేశారు. వ్యాపారస్తుల తెలివి!

ఆతిథ్యాన్ని మంచితనం ఖాతాలో వేసేయడానికి నాకెందుకో మొదట్నుంచీ మనసొప్పదు. పెద్ద మనసున్న వాళ్ళ ఇళ్ళలో ఆకలితో పడుకున్నాను, మొహం చిట్లించుకునే వాళ్ళ ఇళ్ళలో హాయిగా నిద్రపోయాను. వచ్చినవాళ్ళకి ఏం కావాలో వాళ్ళు అడక్కముందే ఆలోచించి సిద్ధం చేసి పెట్టడం నేర్చుకుంటే వచ్చే విద్య. ఒకరింట్లో దిగినవాళ్ళు ఎలా మసలాలన్నదీ విద్యే, కాకపోతే దాన్ని నేర్పేవాళ్ళు తక్కువ. మొన్న ఏప్రిల్‌లో మిలాన్‌లో ఉన్న మా మేనల్లుణ్ణి చూడటానికి వెళ్ళి, అక్కణ్ణుంచి రైల్లో జెనోవా చేరి, నేనూ మా ఆయనా కొన్నాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నాం. అప్పట్నుంచీ ఈ రెండు విద్యల గురించే ఆలోచిస్తున్నాను.

మేం దిగింది పాతబస్తీలో. అక్కడి సందుల్ని కరూజి అంటారు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు భుజం పక్కకి తిప్పాలి. ఇటూ అటూ ఆరేడు అంతస్తుల ఇళ్ళు, పైన ఆకాశం ఓ నీలం పీలికలా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం కూడా సందులో దీపాలు పెట్టే వేళలాగే ఉంటుంది. మా గది ఐదో అంతస్తులో. లిఫ్టు లేదు. ఇంటావిడ వీధి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మెళ్ళో తాడుకి కళ్ళజోడు. పలకరింపుగా తలూపి, పాస్‌పోర్టులు అడిగి ఫోన్‌తో ఫొటో తీసుకుంది. ఇంట్లో ఎవరు దిగినా 24 గంటల్లోగా పోలీసులకి తెలియజేయాలన్నది అక్కడి చట్టం. గుమ్మం పక్కన గోడకి ఓ అంకెల ఫలకం ఉంది. ఇలా అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ ఇప్పుడు దేశమంతటికీ ఒకే వరసలో నంబరు ఇచ్చారు, అది బయటికి కనిపించేలా పెట్టి తీరాలి. తర్వాత ఊరి పన్ను వసూలు చేసి రసీదు రాసిచ్చింది. రాత్రికింత చొప్పున తలకి లెక్క. తాళంచెవులిచ్చి, చేతిలో ఓ కాగితం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మా ఆయన మొహం వాడిపోయింది. "కాసిని మంచినీళ్ళు తాగుతారా అని కూడా అడగలేదే?" అన్నాడు. ఉయ్యూరు దగ్గర పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళ ఇంటికి ఎలక్ట్రిక్ బిల్లు కొట్టడానికి వచ్చినవాడు కూడా మజ్జిగ తాగకుండా వెళ్ళడు.

జెనోవా వాళ్ళకి ఇటలీ అంతటా ఈ పేరే ఉంది. పొడి మనుషులని, పైసా గట్టిగా పట్టుకుంటారని, సణుగుడు ఎక్కువని. పాతకాలంలో ఓడ ఎక్కే కళాసీలకి రెండు రకాల ఒప్పందాలుండేవని ఓ కథ చెప్పుకుంటారు. సణుక్కునే హక్కు వదులుకుంటే ఎక్కువ జీతం, సణుక్కుంటానంటే తక్కువ జీతం. జెనోవా కళాసీలు తక్కువ జీతమే కోరుకునేవారట.

ఆ కాగితం సంగతి చెప్పాలి. ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన ఒకే ఒక్క పేజీ, రెండు వైపులా అచ్చు. గ్యాస్ మీట ఎటు తిప్పాలి. గాలి తోలితే కిటికీ చెక్కతలుపుల్ని ఏ కొక్కేనికి తగిలించాలి. రాత్రి పదింటి తర్వాత కుర్చీలు ఈడ్చవద్దు, కింద ముసలాయన ఉన్నారు. చెత్త ఎక్కడ వేయాలి. మెట్ల మీద దీపం నిమిషంలో ఆరిపోతుంది, ప్రతి మలుపులోనూ మీట ఉంది, చీకటి పడకముందే నొక్కండి. పొద్దున్నే ఏ రొట్టె దుకాణం తెరుస్తారు, తను ఎక్కడ కొంటుంది. ఈ అచ్చు వరసల కింద పెన్సిల్‌తో ఓ వాక్యం రాసి ఉంది: మూడో అంతస్తు మలుపులో ఒక మెట్టు అంచు విరిగింది, గోడ వైపు నడవండి.

జెనోవా పాత ఇళ్ళలో మెట్లు చాలావరకు పలకరాయితో చేసినవి. ఊరి తూర్పు కొండల్లో తవ్వి తెస్తారు ఆ రాయిని. ఇంటి కప్పులకీ అదే, గుమ్మం మీద చెక్కే బొమ్మలకీ అదే. నల్లటి నలుపు కాదు, తడిసిన కాకి రెక్క రంగు. వందల ఏళ్ళుగా కాళ్ళు పడీ పడీ ప్రతి మెట్టూ మధ్యలో గుంటపడింది. విరిగిన ఆ మెట్టు దగ్గరికి వచ్చినప్పుడు మా ఆయన ఆగి, వంగి, అంచు మీద వేలు పెట్టి చూశాడు. అక్కడ రాయి పొరలు పొరలుగా లేచి కత్తిలా ఉంది. ఆయనకి మోకాళ్ళ నొప్పి. ఆ చీకట్లో, ఆ మలుపులో, చేతిలో పెట్టెతో అటు వైపు కాలు వేసి ఉంటే ఏమయ్యేదో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. పైకి వచ్చాక ఆ కాగితం మళ్ళీ తీసి మొదట్నుంచీ చదివాడు. మంచినీళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు.

నాకైతే ఆ కాగితం తెగ నచ్చింది. మన ఇళ్ళలో అతిథికి ఏ నియమమూ చెప్పం. చెబితే మర్యాద కాదంటాం. స్నానానికి ఎప్పుడు వెళ్ళొచ్చో, ఫ్రిజ్ తెరవొచ్చో లేదో, ఎన్నాళ్ళుంటే బాగుంటుందో అన్నీ వాళ్ళే పసిగట్టాలి. పసిగట్టలేకపోతే వెళ్ళాక మాట్లాడుకుంటాం. "అప్పుడే బయలుదేరుతున్నారా, మరో రెండ్రోజులు ఉండకూడదూ" అని గుమ్మంలో ఆపే మగాళ్ళని ఎంతమందిని చూశానో! ఆ మాట వినపడగానే వంటింట్లో డబ్బా మూత తీసి బియ్యం ఎన్ని ఉన్నాయో చూసుకునే ఆడవాళ్ళనీ అంతమందినీ చూశాను.

రొల్లి జాబితాల్లోని ఇళ్ళు చాలావరకు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. వాటిలో 42 ఇళ్ళని 2006లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది. అన్నిటికంటే దర్జా అయినవి వయా గారిబాల్దీలో ఉన్నాయి. అప్పట్లో దాని పేరు స్త్రాదా నువోవా, అంటే కొత్త వీధి. 16వ శతాబ్దం నడుమ, సందుల రద్దీకి విసిగిన బ్యాంకర్ల కుటుంబాలు కొండవాలు కాస్త చదును చేసుకుని వేసుకున్న వీధి అది. ఈ చివర నిలబడితే ఆ చివర కనిపిస్తుంది. అందులో పెద్దది పలాజ్జో తుర్సి. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కే అప్పులిచ్చిన నికొలో గ్రిమాల్దీ 1565లో మొదలుపెట్టించాడు. ఇప్పుడది నగరపాలక సంస్థ కార్యాలయం. పగనీని వాయించిన వయొలిన్ ఒకటి అక్కడే అద్దాల పెట్టెలో ఉంది, చూసి వచ్చాం.

ఆ ఇంటి నడవలో నిలబడితే, ఇల్లు మొత్తాన్నీ వచ్చేవాడి కళ్ళతో ఆలోచించి కట్టారని తెలుస్తుంది. స్థలం కొండవాలు కాబట్టి ఇల్లు మెట్లు మెట్లుగా పైకి పోతుంది. వీధి గుమ్మంలోంచి లోపలికి రాగానే ఎత్తయిన వసారా, నాలుగు మెట్లెక్కితే నాలుగు వైపులా స్తంభాల వరండాలున్న ముంగిలి. దానికి ఎదురుగా మెట్లు. సగం ఎక్కాక అవి రెండుగా చీలి అటూ ఇటూ పోతాయి. అతిథి ఆగి చుట్టూ చూడ్డానికి చోటు అదే. ఎవరైనా అక్కడ ఆగి తలెత్తాల్సిందే. మేమూ ఎత్తాం. రూబెన్స్ అంతటి చిత్రకారుడు ఈ ఇళ్ళని చూసి, వాటి ప్లాన్లూ నిలువుకోత బొమ్మలూ సంపాదించి, 1622లో ఆంట్వెర్ప్‌లో పుస్తకంగా వేయించాడు. రాజుల కోటలు చూసి కాదు, కుటుంబాలు కాపురముండే ఇళ్ళని చూసి కట్టుకోండని తన ఊరివాళ్ళకి చెప్పాలని ఆయన తాపత్రయం. ఏటా వసంతంలోనూ శరత్తులోనూ ఈ ఇళ్ళలో చాలా వాటిని జనానికి తెరుస్తారు. చదువుకునే కుర్రాళ్ళే దగ్గరుండి చూపిస్తారు.

అయితే నేను ఎక్కువసేపు నిలబడిపోయింది తుర్సి మెట్ల దగ్గర కాదు. అక్కణ్ణుంచి కిందికి సందుల్లో నడిస్తే స్పినోలా కుటుంబపు ఇల్లు వస్తుంది. ఇప్పుడది జాతీయ చిత్రశాల. అంతెత్తు పటాలూ, అద్దాల హాలూ, బంగారు పూతా అన్నీ అయ్యాక ఓ ఇరుకు దారిలో వెళ్తే పాత వంటిల్లు కనిపిస్తుంది. బొగ్గు వేయడానికి గుంటలున్న పొడుగాటి పొయ్యిగట్టు. గోడకి రాగి గిన్నెలు, చిన్నదాన్నుంచి పెద్దదాకా. పై అంతస్తు ఎత్తులో సగం కూడా లేదు కప్పు. పొయ్యి ముందు నిలబడితే నా భుజం ఎత్తులో కిటికీ. ఆ వేడిలో, ఆ పొగలో కార్డినల్‌గారి భోజనం తయారు చేసింది ఎవరు? చీటీ మీద పేరు ఇంటి యజమానిది. వంట వండినవాళ్ళ పేర్లు ఏ తరగతి జాబితాలోనూ లేవు. మా ఆయన పటాల దగ్గరే ఉండిపోయాడు. పిలిస్తే వచ్చి, తలుపు దగ్గర్నుంచే తొంగి చూసి, "మీ పిన్ని వంటింటి కంటే నయమే" అన్నాడు. నిజమే.

ఇక అతిథి చేయాల్సిన పని. ఊరు ఏ వేళకి ఏం తింటే మనమూ ఆ వేళకి అదే తినడం. జెనోవాలో పొద్దున పూట ఫొకాచ్చా తింటారు. వేలెడు మందం రొట్టె, పైన వేళ్ళతో నొక్కిన గుంటల్లో ఆలివ్ నూనే ఉప్పూ నిలిచి ఉంటాయి. దాన్ని ముక్కలు చేసి పాలకాఫీలో ముంచుకుంటారు, ఉప్పు పడ్డ వైపు నాలుకకి తగిలేలా. కాఫీలో నూనె తేలుతుంటే చూడలేక మా ఆయన మొదట కళ్ళు మూసుకున్నాడు. తర్వాత్తర్వాత రెండో ముక్కకి కూడా చెయ్యి చాచాడు. సాయంత్రం ఫరినాతా. శనగపిండి నీళ్ళలో జారుగా కలిపి, కొన్ని గంటలు నాననిచ్చి, పైకి తేలిన నురగ తీసేసి, నూనే ఉప్పూ వేసి, బండిచక్రమంత రాగి పళ్ళెంలో పలచగా పోసి కట్టెల పొయ్యిలోకి తోస్తారు. అది ఒకేసారి అవుతుంది, అందరికీ ఒకేసారి పెడతారు. పళ్ళెం బయటికి వచ్చాక దుకాణం ముందు గుంపు కదులుతుంది. వంటాయన కత్తితో పెళ్ళలు పెళ్ళలుగా కోసి కాగితంలో పెట్టి అందిస్తాడు. పళ్ళెం ఖాళీ అయితే తర్వాతి పళ్ళెం కోసం నిలబడాలి. ముందు వచ్చామనీ, పరదేశులమనీ, పెద్దవాళ్ళమనీ చెప్పుకుంటే ఎవరూ పట్టించుకోరు. నాకు ఆ నిలబడటం బాగుంది. ఊరివాళ్ళతో సమానంగా వరసలో నిలబడనిస్తే చాలు, అంతకు మించి ఏ మర్యాదా అక్కర్లేదనిపించింది.

వచ్చేవాళ్ళకి ఊరు ఏం చెబుతుందో దాని గుమ్మాల దగ్గర తెలుస్తుంది. ఊరి పాత ప్రాకారంలో పోర్తా సోప్రానా అనే ద్వారం ఉంది, జంట బురుజులతో. 12వ శతాబ్దపు కట్టడం. దాని మీద లాటిన్‌లో ఓ శాసనం చెక్కారు. శాంతి కోరి వచ్చేవాడు ఈ తలుపు ముట్టుకోవచ్చు, కయ్యానికి వచ్చేవాడు ఓడి ఏడుస్తూ తిరుగుదారి పడతాడు అని దాని సారాంశం. పక్కనే కొలంబస్ ఇల్లంటూ ఒకటి చూపిస్తారు. కూలిపోయాక మళ్ళీ కట్టింది, దాన్ని వదిలేద్దాం. ఊరికి ఈ చివర ఇలా బెదిరించే గుమ్మం ఉంటే, ఆ చివర రైల్వే స్టేషన్ దగ్గర వేరే రకం గుమ్మం ఉంది. కొమ్మెందా ది ప్రె. 1180లో సెయింట్ జాన్ సన్యాసి యోధులు కట్టించిన సత్రం. జెరూసలేం వెళ్ళే యాత్రికులు ఓడ కోసం ఎదురుచూస్తూ ఇక్కడ ఉండేవారు. జబ్బుపడితే ఇక్కడే మంచాన పడేవారు. రొల్లి జాబితాకి నాలుగు వందల ఏళ్ళ ముందు సంగతి. చీటీ అక్కర్లేదు, తరగతీ అక్కర్లేదు. ఇప్పుడు ఆ రాతి గదుల్లో ఇటలీ వలసల మ్యూజియం పెట్టారు, 2022లో. పొట్ట చేతబట్టుకుని ఈ రేవులోంచే అర్జెంటీనాకీ న్యూయార్క్‌కీ వెళ్ళిపోయిన లక్షలమంది కథ అది. బయటికి వస్తే ప్రె వీధి. సెనెగల్ కుర్రాళ్ళు, ఈక్వెడార్ ఆడవాళ్ళు, ఫోన్లు బాగుచేసే బంగ్లాదేశ్ దుకాణాలు. ఒకప్పుడు ఈ ఊరు వెళ్ళిన దారిలోనే ఇప్పుడు వీళ్ళు వచ్చారు. వీళ్ళ విడిది గురించి ఏ సెనేట్ చీటీ తీయలేదు. కార్డినల్‌కి దొరికే ఆతిథ్యం గురించి రాసుకున్నంత వివరంగా కూలీకి దొరికేదాని గురించి ఏ ఊరూ రాసుకోదు, మన ఊళ్ళతో సహా.

అన్నిటికంటే విచిత్రమైన విడిది మాత్రం రేవు ఒడ్డున, పలాజ్జో సాన్ జోర్జోలో. 1260లో కట్టారు. సుంకం వసూలు చేసే కచేరీగా, తర్వాత 1407లో పుట్టిన సాన్ జోర్జో బ్యాంకుకి ఇల్లుగా, ఇప్పుడు రేవు అధికారుల కార్యాలయంగా బతుకుతోంది. సముద్రం వైపు గోడ నిండా రంగుల బొమ్మలు. ఎదురుగా 1960లలో వేసిన ఫ్లైఓవర్ సముద్రాన్ని అడ్డంగా కోస్తూ పోతుంది. ఊరివాళ్ళ సణుగుళ్ళలో దానికి పెద్ద వాటా ఉందని మా ఇంటావిడ చెప్పింది. 1298లో జెనోవా చెరలో ఉన్న ఓ వెనిస్ వ్యాపారిని ఈ భవనంలోనే బంధించారని చెబుతారు, కాదు మరో చోటనేవాళ్ళూ ఉన్నారు. ఆ ఖైదీ మార్కో పోలో. తోటి ఖైదీ పీసా నగరపు రుస్తికెల్లో. ఒకాయన చెబుతుంటే ఒకాయన రాశాడు. అలా తయారైన పుస్తకంలో మన మోటుపల్లి ఉంది. చీరాల దగ్గరి మోటుపల్లి.

పోలో దాన్ని మరో పేరుతో చెప్పాడు గానీ చరిత్రకారులు అది మోటుపల్లే అని తేల్చారు. సాలెగూడంత సన్నని బట్ట నేస్తారని, వజ్రాలు దొరుకుతాయని, లోకంలోకెల్లా పెద్ద గొర్రెలు అక్కడున్నాయని రాయించాడు. భర్త పోయాక నలభై ఏళ్ళుగా ఓ రాణి న్యాయంగా ఏలుతోందని, ఆమె అంటే ప్రజలకి ప్రాణమని కూడా. ఆమె రుద్రమదేవి. తనకి ముందు ఏలిన గణపతిదేవుడి కూతురు. పోలో ఆమెని గణపతిదేవుడి వితంతువుని చేసేశాడు. ఏలింది నలభై ఏళ్ళూ కాదు. రేవుల్లో విన్న కబుర్లు చెరసాలలో గుర్తుచేసుకుని చెబితే అలాగే ఉంటుంది మరి. గొర్రెల సంగతి నేను పట్టించుకోను.

ఆ రేవులో దిగినవాళ్ళకి దొరికిన మర్యాద ఏమిటో పోలో రాయించలేదు. అది మోటుపల్లి వీరభద్రాలయంలో రాతి స్తంభం మీద ఉంది. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం. తుపానుకి ఓడ చెడి తమ ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కోవడం అంతకు ముందు రాజులకి అలవాటు. ఆ అలవాటు మానేశానని ఈయన రాయించాడు. ప్రాణం కంటే తీపి అయిన ధనం కోసం సముద్రం దాటే సాహసం చేసినవాళ్ళ మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు. అంతటితో ఆగలేదు. ఎగుమతుల మీదా దిగుమతుల మీదా సుంకం ముప్పయ్యింట ఒకటి అని రేటు రాయించాడు. గంధానికి ఎంత, కర్పూరానికి ఎంత, దంతానికి, పట్టునూలుకి, పగడాలకి ఎంత అన్న పట్టీ కూడా చెక్కించాడు. దయ అంటూ మొదలుపెట్టి రేట్ల పట్టీతో ముగించిన ఆ రాజు నాకు ఎంతో ఇష్టుడయ్యాడు. ఓడ దిగిన పరదేశికి దండలూ చందనమూ కంటే, ఇంత కడితే చాలు, ఇంకెవరూ నీ జోలికి రారు అన్న రాత ఎక్కువ ధైర్యం.

సాన్ జోర్జో ముందు మెట్ల మీద కూర్చుని ఇదంతా మా ఆయనకి చెప్పాను. నీటిపారుదల శాఖలో అంచనాలు వేసీ వేసీ రిటైరైన మనిషి. రుద్రమ వితంతువా కూతురా అన్నదాని మీద ఆయనకి పెద్ద పట్టింపు లేదు. "ముప్పయ్యింట ఒకటా?" అన్నాడు. జేబులోంచి ఇంటావిడ ఇచ్చిన రసీదు తీశాడు. గది అద్దె ఒక పక్క, ఊరి పన్ను ఒక పక్క వేసుకుని, వేళ్ళ మీద భాగహారం చేసి, రసీదు మళ్ళీ మడత పెట్టాడు. గణపతిదేవుడి రేటుకి రెట్టింపు పడిందట.